గీతకు అవతల బొప్పి చేప

మార్చి 9

మా ఆవిడ ఇవాళ బొప్పి చేపను చూసిందట. అదీ గీతకు అవతల.

చెప్పులు కూడా విప్పకుండా, జుట్టు నుంచి నీళ్లు కారుతుండగా హాల్లోకి వచ్చేసింది. రెండు రోజులుగా జలుబు, గొంతు బొంగురుపోయి ఉంది. అయినా "పటం! ఓ పటం! ఎక్కడున్నావ్? లే, నీ గోడ మీద కొత్త చుక్క పెట్టు" అని ఒకటే అరుపు. ఆఫీసులో ఏ చేప ఎక్కడ కనిపించిందో చుక్కలతో చూపే పటం నా అధీనంలో ఉంటుందని పెళ్లైన కొత్తలోనే నాకు పెట్టిన పేరది. సొంత పేరుతో పిలిచిందంటే ఇంట్లో ఏదో విరిగిందని అర్థం.

దక్షిణం వైపు రాళ్లగుట్ట దగ్గరట. వాళ్లక్క పడవ నడుపుతుంది, ఈవిడ సరదాగా సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్లను నీళ్లలోకి దింపి తిప్పుతుంది. ఎప్పటి పనే. అక్కడ రాతి చాటు నుంచి చేప మెల్లగా బయటికి వచ్చిందట.

"నా అంత పొడుగుంది. ఆకుపచ్చగా, ఎవరో గరిటెతో కొట్టినట్టు నుదుటి మీద ఇంత బొప్పి. ఇక పెదాలైతే అచ్చం మీ డైరెక్టరువే."

నేను అడిగిన మొదటి మాట, "ఫోటో ఏది?"

ఫోటో లేదు. సరిగ్గా ఆ సమయానికి వచ్చినవాళ్లలో ఒకాయన కళ్లద్దాల్లోకి నీళ్లు వెళ్లాయట. ఆయన గింజుకుంటుంటే ఈవిడ రెండు చేతులతో పట్టుకుని ఉంది. చేప ఎడమ చెంప చూపించి, తాపీగా తిరిగి వెళ్లిపోయింది. పైకి వచ్చేముందు నడుముకు కట్టుకునే ప్లాస్టిక్ పలక మీద ఆ చెంపను పెన్సిల్‌తో గీసింది. బొప్పి చేపకి కంటి వెనక సన్నటి నల్ల గీతలుంటాయి. మన వేలిముద్రల్లాగే ఏ చేప గీతలు దానివే. ఈవిడ రెండు గీతలు గీసింది. కింది గీత మధ్యలో తెగి, కాస్త దిగువన మళ్లీ మొదలైంది.

"ఈ జాతిలో ఆ గీత తెగదు" అన్నాను.

"దీనికి తెగింది మరి."

"ఎందుకు తెగింది?"

"అడగడం మర్చిపోయా. నోట్లో పైపు ఉంది."

ఒక్కరే చూసి, ఫోటో లేకపోతే పటం మీద ఖాళీ సున్నా పెడతాం. రుజువుంటేనే నిండు చుక్క. నేను కొత్తగా పుట్టించిన నియమం కాదిది, ఎవరికైనా ఇంతే. అదే మాట చెప్పాను. ఆవిడ మూతి ముడుచుకుని స్నానానికి వెళ్లింది. వెళ్తూ ఎడమ చెవి నొప్పిగా ఉందంది.

మార్చి 10

పెన్సిల్‌తో ఖాళీ సున్నా పెట్టాను.

పటంలో పైన, నీళ్లు గోరువెచ్చగా ఉండే చోట, చుక్కలు ఆవాలు చల్లినట్టు ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ పలచబడతాయి. నీళ్లు చల్లబడే చోట నాకు ముందు పనిచేసినవాళ్లు ఒక గీత గీశారు. బొప్పి చేప ఆ గీత దాటి కనిపించిందని చాలామంది రాశారు గానీ ఒక్కరూ రుజువు చూపించలేదు. కొందరు చూసింది చిలక చేపను, ఒకాయన చూసింది తన పడవ నీడనే. ఇప్పుడు ఆ గీతకు అవతల మా ఆవిడ సున్నా ఒక్కటే ఉంది.

డైరెక్టరుగారు వచ్చి చూశారు. "మీ ఇంటావిడేనా?" అన్నారు. అవునన్నాను. "అయితే మరీ జాగ్రత్త" అన్నారు. జాగ్రత్తగానే ఉన్నానన్నాను. చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా అనిపించింది.

పెదాలు నిజంగానే... సరే, వదిలేద్దాం.

మార్చి 12

చెవి డాక్టరు చాలాసేపు చూశాడు. జలుబుతో లోతుకు దిగడం వల్ల ఎడమ చెవి లోపల చిరిగిందట. ఆ వైపు వినికిడి ఇక రాదట. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన ఆవిడ కుడి వైపుకి వంగి చెప్పాడు.

"ఇక లోతుకు దిగకూడదమ్మా. ఇంకోసారి దిగితే ఉన్న చెవికీ ప్రమాదమే. నీళ్లలోనే తల తిరిగి దిక్కు తెలియకుండా పోవచ్చు. ఒక నెల పోయాక పైపైన ఈదండి, తేలండి, ఫర్వాలేదు. కానీ పక్కన ఎవరైనా ఉండాలి. ఎడమ వైపు నుంచి పడవ వచ్చినా మీకు తెలియదు."

ఆవిడ బుద్ధిగా తల ఊపింది. అంత బుద్ధిగా ఊపినప్పుడే నాకు అనుమానం రావాలి. లిఫ్టులో చెప్పింది.

"ఒక్కసారి. మీవాళ్లకి ఆ చోటు చూపించడానికి ఒక్కసారి దిగుతా. తర్వాత మానేస్తా, నీ మీద ఒట్టు."

మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. రుజువు దొరికితే సర్వే బృందం వెళ్తుంది. చేపను చూసినవాళ్లే ముందు నీళ్లలోకి దిగి ఆ చోటు చూపించాలి. వాళ్ల వెనకే బృందం దిగుతుంది. అందరికీ అదో గౌరవం. మా ఆవిడ మా పెళ్లినాటి నుంచీ ఆ గౌరవం మీద కన్నేసి ఉంది.

"ముందు రుజువు దొరకనీ" అన్నాను.

మార్చి 13

రుజువు లేదు.

మార్చి 17

మంచం మీద దిండ్లు అటూ ఇటూ మార్చేసింది. పెళ్లైనప్పటి నుంచి నాది ఎడమ పక్క. ఇప్పుడు కుడి పక్కకి తోసింది. ఎందుకంటే, "నీ సణుగుడు వినపడకపోతే నాకు నిద్ర పట్టదు" అంది.

నా దిండు కుడి పక్కన సర్దుకున్నాను.

కాఫీ తాగుతూ సూటిగా అడిగింది.

"నిజం చెప్పు. నేను చూశానని నమ్ముతున్నావా, లేదా?"

"నమ్మకం వేరు, రికార్డు వేరు."

"నేను అడిగింది మొదటిది."

వంటింట్లో కుళాయి కారుతున్నట్టు అనిపించి చూడ్డానికి వెళ్లాను. కారడం లేదు. అయినా కాసేపు అక్కడే నిలబడ్డాను.

మార్చి 22

నడుం నొప్పికి మంచిదని మున్సిపాలిటీ ఈతకొలనులో చేరాను. నడుం నొప్పి లేదనుకోండి, రాకుండా ముందు జాగ్రత్త. ఆవిడకి చెప్పలేదు. చెప్పడానికి ఇదేమంత విశేషమని?

నేర్పే అమ్మాయి నన్ను అంకుల్ అంటుంది. "అంకుల్, గట్టు వదలండి. వదిలితేనే ఈత" అంటుంది. నా పక్కన నేర్చుకునే పిల్లలకి నా మోకాలంత ఎత్తు కూడా ఉండదు. వాళ్లు గట్టు వదిలేసి వెళ్లిపోతున్నారు. నేను గట్టుతో కాపురం చేస్తున్నాను.

మార్చి 29

"నీ దగ్గర బ్లీచింగ్ వాసన వస్తోందేంటి?" అని అడిగింది.

ఆఫీసులో నేల కడిగారని చెప్పాను.

"నీ తలతోనా?"

మార్చి 31

గట్టు వదిలాను. చాలా నీళ్లు తాగాను. మళ్లీ వదిలాను.

ఏప్రిల్ 4

వదిన వచ్చింది, అంటే మా ఆవిడ వాళ్లక్క, పడవ యజమానురాలు. వస్తూనే నన్ను దులిపేసింది.

"ఏం మరిదీ, మా చెల్లి అబద్ధాలకోరా? చిన్నప్పటి నుంచి చూస్తున్నా, దానికి అబద్ధం చెప్పడం చేతకాదు. నోరు తెరవగానే ముక్కు ఎర్రబడుతుంది."

చేప సంగతి చెప్పినవేళ ఆవిడ ముక్కు ఎర్రగానే ఉంది. అయితే జలుబు కూడా ఉంది. అంటే ఆ ఆధారం అటూ చెల్లదు, ఇటూ చెల్లదు. ఈ మాట పైకి అన్నాను. అనకుండా ఉండాల్సింది.

వదిన నన్ను పైనుంచి కిందికి చూసి, "నీతో కాపురం చేస్తోందంటే దానికి ఓపిక ఉన్నట్టే" అంది. మా ఆవిడ నవ్వలేదు. మామూలుగా అయితే ఇలాంటి చోట ఆవిడే ముందు నవ్వుతుంది. పలకను వంటింటి కిటికీలో, మొక్క కుండీ వెనక నిలబెట్టింది. నేను నీళ్లు తాగినప్పుడల్లా ఆ తెగిన గీత కనిపిస్తోంది. ఎండలో పెన్సిల్ వెలిసిపోతుందేమోనని కుండీని కొంచెం జరిపాను.

ఏప్రిల్ 7

ఈమధ్య నన్ను "ఏవండీ" అంటోంది. మర్యాదగా కాఫీ ఇస్తోంది, మర్యాదగా గ్లాసు తీసుకెళ్తోంది. పటం అని పిలిచి ఎన్నాళ్లైందో. నాకు భయమేస్తోంది.

కానీ రుజువు లేదు. రుజువు లేకుండా నేనేం చేస్తాను?

ఏప్రిల్ 8

పడవలోకి కూడా వెళ్లడం మానేసింది. ఊరికే పైనే కూర్చుని రావే అని వదిన పిలిచినా వెళ్లలేదు. సోఫాలో కూర్చుని, ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండరు చూస్తోంది. తర్వాత రెండో కన్ను మూసి చూసింది. ఏం చేస్తున్నావని అడిగితే "ఏం లేదండీ" అంది.

ఏప్రిల్ 11

ఆఫీసుకి ఫోటో వచ్చింది.

పంపినాయన వేరే పడవలో వచ్చిన సందర్శకుడు. అదే రాళ్లగుట్ట, కొంచెం పక్కగా. 'ఇదేం చేపో చెప్పగలరా?' అని రెండు ముక్కలు రాశాడంతే. మా ఆవిడ ఎవరో ఆయనకి తెలియదు, ఆయన ఎవరో మా ఆవిడకి తెలియదు.

బొప్పి చేప. ఎడమ చెంప. కంటి వెనక రెండు గీతలు. కింది గీత మధ్యలో తెగింది. తెగిన చోట తెల్లటి పాత మచ్చ ఉంది. ఎప్పుడో గాలం చీల్చి ఉంటుంది. మచ్చ మానేటప్పుడు చర్మం జరిగి, గీత కాస్త దిగువన మళ్లీ మొదలైంది. పలకతో పోల్చడానికి ఇంటికి వెళ్లాల్సిన పని లేదు. ఆ గీత నాకు కంఠతా వచ్చు.

ఏ గీతను చూపించి ఆవిణ్ణి కాదన్నానో ఆ గీతే.

కంప్యూటరు మూసేసి కిందికి వెళ్లి టీ తాగాను.

ఏప్రిల్ 12

ఫోటో మసకగా ఉంది. ఇంకా స్పష్టమైనది కావాలి.

ఏప్రిల్ 13

అంత మసకగా ఏమీ లేదు.

ఏప్రిల్ 14

చెప్పేశాను.

బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. నేను ఆవిడ కుడి వైపుకి వెళ్లి నిలబడ్డాను. ఫోన్‌లో ఫోటో చూపించాను. క్లిప్పు నోట్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. చేప కంటి వెనక వేలు పెట్టి, ఆ తెగిన గీత వెంబడి నడిపించింది. తర్వాత క్లిప్పు తీసి నా చొక్కాకి పెట్టింది. తాడు మీదున్న చొక్కాకి కాదు, నేను తొడుక్కున్న చొక్కాకి. తను ఏం చేస్తోందో తనకే తెలియలేదు.

"ఎప్పుడొచ్చింది?"

"మూడు రోజులైంది."

"మూడు రోజులా?"

"రుజువుందని తేలితే నువ్వు నీళ్లలోకి దిగుతావు. అందుకని."

"అంటే, నేను చూడలేదని కాదా?"

"కాదు. నీ జుట్టు నుంచి నీళ్లు కారుతుండగానే నమ్మాను. మొదట్లో అడ్డుపెట్టింది నియమం. డాక్టరు దగ్గరి నుంచి వచ్చాక భయం."

"వద్దని చెప్పొచ్చుగా!"

"వద్దంటే మానేస్తావా?"

"మానను. పోట్లాడతా. గిన్నెలు విసురుతా. అది వేరు." చేతిలోని తడి బట్టను బకెట్లోకి విసిరింది. "ఇన్నాళ్లూ ఏమనుకున్నానో తెలుసా? చెవి పోయింది సరే, కళ్లు కూడా పోయాయేమో అనుకున్నా. లేనిదాన్ని చూశానేమో అనుకున్నా. ఆ చేప మొహం రోజూ గుర్తు చేసుకుని, ఇది నిజమా, నేనే కల్పించుకున్నానా అని... నాకు నా మీదే నమ్మకం లేకుండా చేశావు కదా, పటం."

పటం అంది. దానికి సంతోషించాలో తల దించుకోవాలో తెలియలేదు. తల దించుకున్నాను.

ఒక కన్ను మూసి క్యాలెండరు చూడ్డం ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఆవిడ చెవిని కాపాడుతున్నాననుకుని కళ్ల మీద దెబ్బ కొట్టాను. పక్కనే ఉండి.

ఏప్రిల్ 15

డైరెక్టరుగారికి అంతా చెప్పాను. మా ఇంటి మనిషి విషయం గనక నేను తేల్చకూడదని, వేరే ఎవరికైనా ఇవ్వమని అడిగాను. పలకను పక్క గది సహోద్యోగి తీసుకెళ్లింది. సాయంత్రంలోగా ఫోటో, పలక ఒకే చేపవని రాసిచ్చింది.

"ఫోటో వచ్చాక ఇన్నాళ్లు ఏం చేశావయ్యా?" అన్నారు డైరెక్టరుగారు.

"భయపడ్డాను సార్."

తల వాచేలా చివాట్లు పెట్టారు. చివరికి, బృందం ఇరవై మూడున బయల్దేరుతుందన్నారు. వాళ్లు వెళ్లొచ్చాక చుక్కలో సిరా నింపాలి.

ఏప్రిల్ 19

నీళ్లలోకి దిగే సూటు ఉతికి బాల్కనీలో ఆరేసింది. తల లేని మనిషి వేలాడుతున్నట్టుంది. నేనేమీ అనలేదు.

తర్వాత అన్నాను. వద్దు, దిగొద్దు, నాకు భయంగా ఉంది అన్నాను. ఆవిడ దిగుతానంది. నేను వద్దన్నాను. ఆవిడ ఒక మూత విసిరింది. తలుపుకి తగిలి సొట్టపోయింది. నేను కూడా ఒకటి విసురుదామని చూస్తే దగ్గర్లో గాజువి తప్ప లేవు.

"నాకు ఇంకోసారి దాని మొహం చూడాలనుంది, అంతే. ఇక దిగనని నాకూ తెలుసు. ఆ దిగకపోవడం నేను మానేసినట్టు ఉండాలి, నన్ను ఎవరో మాన్పించినట్టు కాదు. అర్థమైందా?"

అర్థమైంది. అయినా వద్దన్నాను. ఏమీ తేలలేదు. ఆశ్చర్యంగా, చాలా రోజుల తర్వాత ఇద్దరం కడుపు నిండా తిన్నాం.

ఏప్రిల్ 23

పొద్దున్నే వదిన పడవలో బయల్దేరాం. మేమిద్దరం, సర్వే బృందం, వాళ్ల నాయకురాలు. నేను ఎందుకు వస్తున్నానని ఎవరూ అడగలేదు. బ్యాగు మోయడానికనుకుని ఉంటారు.

గుట్ట దగ్గర వదిన ఇంజను ఆపింది. నీళ్లు తేటగా ఉన్నాయి. మా ఆవిడ సూటు వేసుకుంది. గాలి సిలిండరు వీపుకి కట్టుకుంది. పడవ అంచు మీద కూర్చుని, నా వైపు చూడకుండా పట్టీలు బిగించుకుంటోంది. ఆ వేళ్లు అలవాటుగా, ముచ్చటగా కదులుతున్నాయి. ఆ వేళ్లంటే నాకు ఎంత ఇష్టమో అప్పుడే, అంత భయంలోనే గుర్తొచ్చింది.

నేను చొక్కా విప్పాను.

"ఇదేంటి?" అంది ఆవిడ. లోపల ఈత నిక్కరు వేసుకుని ఉన్నాను.

"నువ్వు దిగితే నేనూ దిగుతా."

"నీకు ఈత రాదుగా!"

"వచ్చు. కొంచెం."

ఒక్క క్షణం ఆలోచించి, "బ్లీచింగ్!" అని అరిచింది. పడవంతా ఉలిక్కిపడింది.

"డాక్టరు పక్కన ఎవరైనా ఉండాలన్నాడుగా. లోతుకు రాలేను. పైన ఉంటా. నీ ఎడమ పక్కన."

ఆవిడ నన్ను చూసింది. పడవ అంచును ఈతకొలను గట్టులాగే రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. ఆవిడ మొహంలో ఏదో కదిలింది. పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, వీపు మీది పట్టీలు ఒక్కొక్కటే వదులు చేసింది.

"అక్కా, ఈ సిలిండరు పట్టుకో" అంది. "నేను కిందికెళ్తే ఈ మనిషిని పైన ఎవరు కాస్తారు? నిలువునా మునిగిపోతాడు."

నేను డాక్టరు మాట చెప్పాను, భయం చెప్పాను, వద్దని అరిచాను. ఒక్కటీ పనిచేయలేదు. చివరికి నా ఈత పనిచేసింది, అదీ సరిగ్గా రాకపోవడం వల్ల.

నాయకురాలితో, "చోటు పైనుంచే చూపిస్తా. నా వెనకే రండి" అంది. తాడు కట్టిన బరువు ఒకటి చేతిలో పట్టుకుంది. ఇద్దరం కళ్లద్దాలు, నోట్లో గాలి గొట్టాలు పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలాం. నేను ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నాననడం కంటే వేలాడాననడం న్యాయం. ఆవిడ ఒక చెయ్యి నాకిచ్చి కాళ్లతో ఈదుతూ, అడుగున ఒక్కొక్క రాయినీ గుర్తుపడుతూ వెళ్లింది. ఒక చోట ఆగి తాడు వదిలింది. బరువు నిటారుగా దిగి ఒక చీలిక పక్కన కూర్చుంది. బృందం ఆ తాడు వెంట కిందికి వెళ్లింది.

ఎడమ వైపు నుంచి ఒక పడవ చప్పుడు వినిపించింది. ఆవిడ చెయ్యి నొక్కాను. తల ఎత్తి చూసింది. పడవ దూరంగానే వెళ్లిపోయింది. మళ్లీ నీళ్లలోకి చూశాం.

చాలాసేపటికి చీలిక లోంచి ఆకుపచ్చగా ఏదో కదిలింది. ముందు బొప్పి వచ్చింది. తర్వాత మిగతా చేప, వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. మనుషుల్ని చూసి కంగారు పడలేదు. ఎడమ చెంప మాకు చూపిస్తూ నెమ్మదిగా పైకి లేచి, కన్ను తిప్పి మా ఇద్దరినీ చూసింది. నీళ్లలో కూడా నాకు స్పష్టంగా కనిపించింది. కింది గీత. తెగి, కాస్త దిగువన మళ్లీ మొదలైన గీత.

ఆవిణ్ణి పట్టుకున్న చేతి మణికట్టుకే, పడవలో తగిలించుకున్న కెమెరా వేలాడుతోంది. ఫోటో తీయాలంటే ఆవిడ చెయ్యి వదలాలి. నేను వదల్లేదు.

ఏప్రిల్ 24

ఖాళీ సున్నాలో సిరా నింపాను. సిరా ఎక్కువై చుక్క కాస్త పెద్దదైంది. అలాగే ఉంచాను.

రుజువు ఎప్పుడు దొరికినా, చుక్క పక్కన మొదట చూసిన రోజే వేయాలి. మార్చి 9 అని రాశాను. ఆవిడ తడి జుట్టుతో వచ్చి చెబితే, నేను ఫోటో ఏది అన్న రోజు. ఇక ఎన్నేళ్లైనా ఆ పటంలో ఆ రోజు నుంచే ఆ చేప అక్కడున్నట్టు. 'చూసినవారు' అన్న చోట ఆవిడ సొంత పేరు పూర్తిగా రాశాను. ఈసారి ఏదీ విరగలేదు.

సూటు మడిచి వదినకి ఇచ్చేసింది. నేను అడగలేదు, తనే ఇచ్చింది. ఇచ్చాక కాసేపు ఏడ్చింది. నేను కుడి పక్కన కూర్చుని సణిగాను.

బృందంవాళ్లు తమ పేర్లు సాక్షులుగా రాసుకున్నారు. నా పేరు లేదు. ఇంట్లోవాళ్ల సాక్ష్యం మా దగ్గర చెల్లదు, నియమం నియమమే. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

నేనూ చూశాను. అంతా ఆవిడ చెప్పినట్టే ఉంది. పెదాలతో సహా.